‘జేబుదొంగలున్నారు జాగ్రత్త’ బోర్డు గారికి

గౌరవనీయులైన బోర్డు గారికి,
కేరాఫ్ పారిస్ మెట్రో, రోమ్ టెర్మినీ స్టేషన్, బార్సిలోనా లా రాంబ్లా, వెనిస్ పడవల రేవు, ఇంకా జనం ఒకరినొకరు తోసుకునే సమస్త ప్రదేశాలు, యూరప్.

నమస్కారం.

మా వైపు మీ బంధువులు చాలామంది ఉన్నారు. ఆర్టీసీ బస్టాండులో, జాతర జరిగే ఊళ్లో పోలీసు టెంటు ముందు, మీ మాటే రాసుకుని నిలబడి ఉంటారు. పాపం వాళ్ల రంగు వెలిసిపోయి ఉంటుంది. సగం ఒంటి మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పి ఉంటుంది. మీ దర్జా వేరు. మీరు శుభ్రమైన స్టిక్కరు. అంతటితో ఆగక స్పీకర్లోంచి మాట్లాడతారు కూడా. ముందు ఫ్రెంచిలో, తర్వాత ఇంగ్లిష్‌లో, ఆ తర్వాత వచ్చే టూరిస్టుల్ని బట్టి మరికొన్ని భాషల్లో. తెలుగు ఇంకా మొదలుపెట్టలేదు. ఎండాకాలం సెలవుల్లో ఈఫిల్ టవర్ కింద పులిహోర పొట్లాలు విప్పుతున్న మా వాళ్ల సంఖ్య చూస్తే, అదీ ఎంతో దూరం లేదనిపిస్తుంది.

మీ సేవ గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ ఉత్తరం.

పారిస్ మెట్రో ఒకటో లైను ఉంది కదా, లూవ్ర్ మ్యూజియం, కాంకార్డ్, షాంజెలిజే అన్నీ కలుపుతూ పోయేది. అందులో మీ గొంతు వినిపించగానే ఒక అద్భుతం జరుగుతుంది. పెట్టె మొత్తం ఒక్కసారిగా ఒళ్లు తడుముకుంటుంది. మగవాళ్ల చెయ్యి వెనక జేబు మీదికి పోతుంది. ఆడవాళ్లు బ్యాగు జిప్పు చూసుకుంటారు. కాస్త చదువుకున్నవాళ్లు చొక్కా లోపల దాచుకున్న సంచీని పైనుంచి నొక్కి చూసుకుంటారు. మా తోడల్లుడు గారైతే వెనక జేబు, ముందు జేబు, జాకెట్ లోపలి జేబు వరసగా తట్టుకుని, పెట్టె ఆ చివరున్న మా వదిన గారిని “పాస్‌పోర్టులు నీ దగ్గరే ఉన్నాయిగా?” అని గట్టిగా అడిగారు. ఆవిడ బ్యాగు పైకెత్తి చూపించింది. తెలుగులో మాట్లాడుకున్నాం, ఎవరికేం అర్థమవుతుందిలే అని ఇద్దరికీ ధీమా. చేతులు ఎటు పోతున్నాయో చూసేవాడికి తెలుగు ఎందుకండీ?

జేబులు కొట్టేవాడి వృత్తిలో కష్టమైన భాగం కొట్టడం కాదు, ఎక్కడుందో కనుక్కోవడం. మీరు పుణ్యం కట్టుకుని ఆ పని ఒక్క ప్రకటనతో తేల్చేస్తున్నారు. వాడు మీకు ఎదురుగా నిలబడి చూస్తే చాలు. జీతం, బోనస్ లేకుండా ఇంత చేస్తున్న మీకు వాళ్ల సంఘం తరఫున సన్మానం ఎందుకు జరగలేదో నాకు అంతుబట్టడం లేదు.

పోనీ మీరు ఉన్నందువల్ల భయమైనా కలుగుతుందా అంటే, మీ వంశ చరిత్ర ఆ మాట చెప్పడం లేదు. మీకంటే చాలా పెద్ద బోర్డు ఒకటి లండన్‌లో ఉండేది, టైబర్న్ ఉరికంబం. 1565లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో షిల్లింగు పైబడి జేబు కొడితే మరణశిక్ష. 1808లో శామ్యూల్ రోమిల్లీ అనే ఎంపీ పట్టుబట్టి తీయించేదాకా ఆ శిక్ష పుస్తకాల్లో అలాగే ఉంది. ఉరి తీసే రోజున టైబర్న్‌లో వేలమంది గుమిగూడేవారు. అందరి కళ్లూ పైన వేలాడేవాడి మీదే. కింద ఆ గుంపులోనే జేబులు పోయేవి. దొంగని వేలాడదీసినా ఆగని పనిని స్టిక్కరు అంటించి ఆపుదామనుకున్న ఆశావాదానికి మాత్రం నా జోహార్లు.

ఇప్పటికీ అదే లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద, పారిస్‌లో ఈఫిల్ టవర్ దగ్గర, మూడు గిన్నెల ఆట నడుస్తుంది. ఏ గిన్నె కింద గోళీ ఉందో చెబితే డబ్బు రెట్టింపు. చుట్టూ నిలబడి గెలుస్తూ కేరింతలు కొట్టేవాళ్లంతా ఆట నడిపేవాడి సొంత మనుషులే. ఆడినవాడి డబ్బు గిన్నెల దగ్గర పోతుంది. ఆడకుండా తెలివిగా నిలబడి చూస్తున్నవాడి పర్సు వెనకనుంచి పోతుంది.

అసలు నా ఫిర్యాదు ఏమిటంటే, మీరు దొంగలున్నారు అంటారు గానీ ఎలా ఉంటారో చెప్పరు. మేం మా సినిమాల్లోంచి ఒక బొమ్మ తెచ్చుకుంటాం. గళ్ల చొక్కా, మాసిన గడ్డం, బుగ్గ మీద గాటు. అక్కడివాడు ఇస్త్రీ బట్టల్లో ఉంటాడు. చేతిలో టూరిస్టు మ్యాప్ ఉంటుంది. ఒక్కోసారి బ్యాగు తనూ ముందుకి తగిలించుకుని, మనకంటే భయంగా కనిపిస్తాడు. ఒంటరిగా రాడు కూడా. ఒకరు మన ముందు ఎక్కి, తలుపులోనే ఏదో మరిచిపోయినట్టు ఆగిపోతారు. ఒకరు వెనకనుంచి నెడతారు. మధ్యలో ఉన్నవారు పని కానిచ్చి, వస్తువుని మూడో మనిషికి అందించేస్తారు. మనం అదృష్టం కొద్దీ ఆ చెయ్యి పట్టుకున్నా అది ఖాళీ చెయ్యే. పైగా వాళ్లే మనల్ని తిడతారు.

గుర్తులు చెప్పని మీ హెచ్చరిక చివరికి ఎవరి మీద పడుతుందో తెలుసా? మా మీద. రోమ్‌లో దారి అడుగుదామని మా ఆవిడ ఒక పెద్దావిడ దగ్గరకు వెళితే, ఆవిడ మీ బోర్డు వంక ఒకసారి, మా రంగు వంక ఒకసారి చూసి హ్యాండ్‌బ్యాగు గుండెకి హత్తుకుంది. మేం ఆవిడని చూసి మా బ్యాగు హత్తుకున్నాం. ఇద్దరికీ దారి దొరకలేదు. ఇక మా టూర్ బస్సులోని పెద్దమనుషులు ‘ఫలానా జాతి వాళ్లే చేస్తారు’ అని తేల్చేసి, ఆ జాతి కాని కుర్రాడి పక్కన నిశ్చింతగా నిద్రపోతారు. మీరు ఆ నిద్రకి జోలపాట.

వాళ్లు మొదట ముట్టుకునేది జేబుని కాదు బోర్డు గారూ, మొహమాటాన్ని. మా దేశంలో అది పుష్కలం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మాకో సామెత ఉంది, పిల్లలు చదువుతారని ఇక్కడ రాయడం లేదు.

పారిస్‌లో మోన్‌మార్త్ర్ గుట్ట మీద సాక్రె కేర్ చర్చి మెట్ల దగ్గరికి వెళ్లండి. ఒకతను నవ్వుతూ “ఇండియా? నమస్తే!” అంటాడు. మనం పొంగిపోయి చెయ్యి చాపుతాం. అంతే, వేలికి రంగు దారం చుట్టి మణికట్టుకి తాడు అల్లడం మొదలుపెడతాడు. ఫ్రీ అంటాడు, స్నేహం అంటాడు. ముడి బిగిశాక ఇరవై యూరోలంటాడు. చేతిని లాక్కోవచ్చు. కానీ అల్లుతున్నవాడిని మధ్యలో ఆపితే ఏమనుకుంటాడో అని మనం ఆగుతాం. మన చెయ్యి వాడి దగ్గర, మన కళ్లు ఆ చేతి మీద. జేబు సంగతి చూసుకోవడానికి వాడి స్నేహితులు వేరే ఉన్నారు. అక్కడ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు గబగబా నడిచి పోవాలి. మర్యాద కాదు. అవును, కాదు.

లూవ్ర్ బయట, నోత్ర్‌దామ్ దగ్గర అట్టకి కాగితం బిగించుకుని అమ్మాయిలు వస్తారు. చెవిటి, మూగ పిల్లల కోసం సంతకం పెట్టమని సైగలు చేస్తారు. సంతకం పెట్టగానే పక్క గడిలో ఎంత విరాళమో రాయమంటారు. ఈలోగా ఆ అట్ట మన బ్యాగుకి పందిరిలా పైన ఉంటుంది, కింద ఏం జరుగుతుందో కనబడదు. సేన్ నది ఒడ్డున ఒకాయన మన కాళ్ల దగ్గర బంగారు ఉంగరం ‘దొరకబుచ్చుకుని’, “ఇది మీదేనా?” అని అడుగుతాడు. కాదంటే, పోనీ మీరే ఉంచుకోండి, నాకు భోజనానికి కాస్త ఇవ్వండి అంటాడు. ఇత్తడి ఉంగరానికి భోజనం ఖర్చు! స్పెయిన్‌లోని గ్రనాడాలో రోజ్‌మేరీ కొమ్మ చేతిలో పెట్టి, అదే చేతిని తిప్పి జాతకం చెబుతారు. ఇటలీలో మిలాన్ డువోమో చర్చి ముందు పావురాలకు వేయమని మొక్కజొన్న గింజలు అరచేతిలో పోస్తారు. వస్తువు మారుతుంది గానీ పద్ధతి ఒక్కటే: ముందు మన చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. చేతిలో పెట్టినది కింద పడెయ్యడానికి మనకు మనసొప్పదు. బార్సిలోనా వాళ్లు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. మన భుజం మీద పావురం రెట్ట లాంటిదేదో వాళ్లే చల్లి, “అయ్యో” అంటూ వాళ్లే టిష్యూతో తుడుస్తారు. పరాయి ఊళ్లో మన చొక్కా తుడిచేంత ప్రేమ ఎవరికుంటుంది? మన అమ్మకి ఉంటుంది. ఆవిడ ఊళ్లో ఉంది.

ఇన్ని జరుగుతున్న చోట మీరు గోడకి అంటుకుని ‘జాగ్రత్త’ అంటారు. ‘పలకరించిన ప్రతివాడికీ బదులు చెప్పక్కర్లేదు’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఎంతమంది ఇల్లు నిలబడేదో.

మొహమాటం మా ఒక్కరి జబ్బే అనుకున్నాను. మిమ్మల్ని అంటించిన ప్రభుత్వాలకీ ఉందని తర్వాత తెలిసింది. స్పెయిన్‌లో 400 యూరోల లోపు దొంగతనం చిన్న నేరం, మామూలుగా జరిమానాతో సరి. పదేపదే పట్టుబడేవాళ్ల విషయంలో 2022లో కాస్త బిగించారు. ఇటలీలో అదే ఏడాది చివర్లో అమల్లోకి వచ్చిన సంస్కరణతో చాలా రకాల దొంగతనాలకు బాధితుడు ఫిర్యాదు ఇస్తేనే కేసు ముందుకు కదులుతుంది. బాధితుడెవరు? మర్నాడు పొద్దున్నే ఫ్లైటున్న మనిషి. పోలీస్ స్టేషన్ కంటే ఎయిర్‌పోర్టే అతనికి ముఖ్యం. జేబుదొంగలు చట్టం చదువుతారో లేదో గానీ, ఎవరికి రిటర్న్ టికెట్ ఉందో మాత్రం చూడగానే పోల్చగలరు.

మీ పక్కన నిలబడి పనిచేసేవాళ్లకే చివరికి విసుగెత్తింది. 2013 ఏప్రిల్‌లో లూవ్ర్ ఉద్యోగులు పని ఆపేశారు, మ్యూజియం ఒక రోజు మూతపడింది. ముఠాలు లోపలికే వచ్చేస్తున్నాయి, వాళ్లలో మైనర్లకు టికెట్ కూడా ఫ్రీ, అడ్డుపడితే మమ్మల్నే బెదిరిస్తున్నారు అని వాళ్ల గోల. 2015 మే నెలలో ఈఫిల్ టవర్ సిబ్బంది అదే కారణంతో పని మానేస్తే టవర్ చాలాసేపు తెరవలేదు. మోనాలిసాని చూడ్డానికి ఖండాలు దాటి వచ్చినవాళ్లు జేబుదొంగల దయవల్ల గేటు చూసి వెళ్లారు. ఆ రోజుల్లో కూడా మీరు మీ స్థానంలోనే ఉన్నారు. సమ్మె చేసే హక్కు మీకు లేదు కాబట్టి.

మీ ఉద్యోగానికి ఎసరు పెట్టగల మనిషి ఒకావిడ ఉంది, చెప్పనా? వెనిస్‌కి చెందిన మోనికా పోలీ, అప్పట్లో అక్కడ స్థానిక కౌన్సిలర్. “అత్తెన్‌సియోనె! పిక్‌పాకెట్!” అని వీధిలో ఆవిడ పెట్టే కేక 2023లో టిక్‌టాక్ నిండా మోగింది. ‘పరధ్యానం లేని పౌరులు’ అనే అర్థం వచ్చే పేరుతో ఏళ్ల తరబడి నడుస్తున్న స్థానికుల బృందంలో ఆవిడ ఒకరు. మీరు చెప్పేదీ, ఆవిడ అరిచేదీ ఒకటే మాట. కానీ మీరు పొద్దుట్నుంచి రాత్రిదాకా ఎవరూ లేని గోడకి కూడా చెబుతూనే ఉంటారు. ఆవిడ మనిషిని గుర్తుపట్టాకే అరుస్తుంది, వేలు పెట్టి చూపిస్తుంది. మొహమాటం మచ్చుకైనా లేదు. ఆ పద్ధతి అంతటా మంచిదని నేననడం లేదు. వీధిలో ఎవరు దొంగో ఎవరు కాదో గుంపు తేల్చడం మొదలైతే, రోమ్‌లో మా ఆవిడకి జరిగింది ఇంకా పెద్ద గొంతుతో జరుగుతుంది. అయినా వెనిస్‌లో నలుగురు తలెత్తి చూశారంటే ఆవిడ వల్లే, మీ వల్ల కాదు.

ఇక మా వాళ్ల సంగతి. బయల్దేరే ముందు ఫ్యామిలీ గ్రూపులో సలహాల వాన కురుస్తుంది. డబ్బు దాచుకునే సంచి ఒకటి ఆన్‌లైన్‌లో ఖరీదు పెట్టి కొంటారు, బట్టల లోపల నడుముకి కట్టుకునేది. మా నాయనమ్మ రొంటిన చిల్లర దోపుకుని తీర్థాలన్నీ తిరిగొచ్చిన పద్ధతే అది, కాకపోతే దీనికి జిప్పుంది. ఆవిడ రూపాయి తీయాలంటే అటు తిరిగి, చీర చాటున తీసేది. మనవాళ్లు మాత్రం రోమ్‌లో 64 నంబరు బస్సులో, టెర్మినీ నుంచి వాటికన్ వైపు పోయే ఆ పేరుమోసిన బస్సులో, అందరి ముందూ చొక్కా పైకెత్తి టికెట్ కోసం అందులో వెతుకుతారు. పాస్‌పోర్టులు, యూరోలు, ఫారెక్స్ కార్డు, ఇన్సూరెన్స్ కాగితం, చివరికి ఇంటి తాళాలు కూడా ఒకే సంచిలో. పోతే ఒక్కసారే పోవాలని గాబోలు.

నిజానికి చేయాల్సింది ఇంతే: రోజు ఖర్చుకి ఓ యాభై యూరోలు విడిగా ముందు జేబులో, మిగతావి రెండు మూడు చోట్ల, పాస్‌పోర్టు హోటల్ లాకరులో, దాని ఫోటో ఫోనులోనూ మెయిల్లోనూ. బ్యాగు జిప్పు చివరలు రెండింటినీ కలిపి ఒక పిన్నీసు. దాన్ని ఇప్పడానికి పట్టే ఆ రెండు క్షణాలు వాళ్ల వృత్తిలో చాలా ఎక్కువ. ఫోను పట్టుకుని మెట్రో తలుపు పక్కన నిలబడకూడదు. తలుపు మూసుకునే గంట మోగే క్షణంలో లాక్కుని దిగిపోతే, మనం గాజు లోపల, ఫోను గాజు బయట. పారిస్ ఎయిర్‌పోర్టు నుంచి గార్ దు నోర్ స్టేషన్ వైపు వచ్చే రైల్లో, నిద్రలేని కళ్లతో, మూడు సూట్‌కేసులతో ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం. ఇందులో ఒక్కటైనా మీ మీద రాసి ఉందా? స్థలం లేదంటారా? ‘జేబుదొంగలున్నారు’ అన్న మాట తీసేస్తే బోలెడు స్థలం. ఉన్నారని అందరికీ తెలుసు.

మఫ్టీలో పోలీసులమంటూ కార్డు ఊపి, దొంగనోట్లు తిరుగుతున్నాయి, మీ పర్సు చూపించండి అనేవాళ్లున్నారు. అక్కడ మొహమాటం కాదు, ఖాకీ అంటే మాకు పుట్టుకతో ఉన్న భయం పనిచేస్తుంది. నిజం పోలీసు రోడ్డు మీద ఆపి మన నోట్లు లెక్కపెట్టడు. పదండి, స్టేషన్‌కి వెళ్దాం, లేదా 112కి ఫోన్ చేస్తాను అంటే ఆ ఇద్దరికీ హఠాత్తుగా వేరే డ్యూటీ గుర్తొస్తుంది.

ఇంకో ఘనుడున్నాడు. వాడు మీ కిందే, వెలుగులో, బహిరంగంగా పనిచేస్తాడు, మీరు కళ్లప్పగించి చూస్తుంటారు. ఏటీఎం. నూరు యూరోలు అడిగితే తెర మీద మర్యాదగా ఒక ప్రశ్న వేస్తుంది: మీ ఖాతా నుంచి రూపాయల్లో తీసుకోమంటారా? పరాయి దేశంలో రూపాయి గుర్తు కనబడేసరికి సొంత మనిషి ఎదురైనట్టు ఒప్పేసుకుంటాం. ఆ మారకం రేటు ఆ మెషీన్ వాళ్లు తమకు నచ్చినట్టు పెట్టుకున్నది, మన బ్యాంకు రేటు కంటే బాగా ఎక్కువ. ‘డిక్లైన్ కన్వర్షన్’ నొక్కాలి. అది నొక్కితే డబ్బే రాదేమో అని భయం. వస్తుంది, యూరోల్లో లెక్కకట్టి వస్తుంది. షాపుల్లో కార్డు గీసేటప్పుడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. జేబుదొంగ కనీసం మన అనుమతి అడిగి సంతకం పెట్టించుకోడు.

చెక్ రాజధాని ప్రాగ్‌లో మాత్రం ఒక మంచి పని జరిగింది, చెప్పకపోతే పాపం. డబ్బు మార్చే దుకాణాల మోసాలు భరించలేక, 2019 ఏప్రిల్ నుంచి అక్కడ 1000 యూరోల దాకా మారకాన్ని మూడు గంటల్లోపు రద్దు చేసుకునే హక్కు ఇచ్చారు. రసీదు పట్టుకుని వెనక్కి వెళ్తే తిరిగి ఇవ్వాల్సిందే. చూశారా, అక్కడ ‘జాగ్రత్త’ అని టూరిస్టుకి చెప్పి ఊరుకోలేదు.

ఇంత చేసినా పోతే పోతుంది. అప్పుడు ముందు కార్డు బ్లాక్ చేయించి, పోలీసు రిపోర్టు తీసుకోవాలి. వాళ్లు వెతికి పెడతారని కాదు, ఇన్సూరెన్స్ వాళ్లకీ ఎంబసీకీ ఆ కాగితం కావాలి. పాస్‌పోర్టు పోతే భారత రాయబార కార్యాలయం ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. స్విట్జర్లాండ్ మంచు కొండలు, అక్కడ తీయించుకోవాల్సిన ఫోటోలు, ఆ ట్రిప్పుకి అంతే సంగతులు. ఊరికొచ్చాక చుట్టాలు “అన్ని బోర్డులున్నాయట కదా, చూసుకోలేదా?” అని అడుగుతారు. మీరు ఉండటం వల్ల మాకు జరిగే అసలు నష్టం అది. పోయింది మా డబ్బు, తప్పు మాది, ముందే చెప్పిన పేరు మీది.

అందుకని మీ తెలుగు పాఠం రాసే పని నాకివ్వమని విన్నపం. నమూనా జతపరుస్తున్నాను:

“నాయనా, జేబు తడుముకోకు, చూస్తున్నారు. తలుపు దగ్గర ఫోను తియ్యకు. చేతిలో ఏదైనా పెడితే వదిలెయ్, కింద పడితే పడనీ. సంతకం ఎక్కడా పెట్టకు. నీ చొక్కా నువ్వే తుడుచుకో. ఎవరేమనుకుంటారో అని ఆగకు, వాళ్లు నీకు మళ్లీ కనబడరు.”

పారితోషికం వద్దు. అచ్చయ్యాక మెట్రోలో ఎక్కడ అంటిస్తారో మీ ఇష్టం. ఏటీఎం దగ్గర మాత్రం పక్క గోడకి కాదు, సరిగ్గా ఆ రూపాయల బటన్ మీదే అంటించండి, అది కనబడకుండా.

ఇట్లు,
బ్యాగు ముందుకి తగిలించుకుని తిరిగే ఒక ప్రయాణికుడు